గాల్లో బిగించిన బండి

తాటిపాక సెంటర్ దాటి కాస్త ముందుకు వెళ్తే పంటకాలవ గట్టు పక్కన అప్పారావు మేస్త్రీ షెడ్డు ఉండేది. షెడ్డంటే మీరేదో ఊహించుకునేరు. నాలుగు కొబ్బరి మొద్దులు నిలబెట్టి పైన రేకులు వేసినది, అంతే. బోర్డు కూడా లేదు. ఎవరైనా అడిగితే, "బోర్డెందుకండీ, నేను బిగించిన నట్టే చెబుద్ది నా పేరు" అనేవాడు. ఆ మాటలో కాస్త డాబు ఉంది గానీ అబద్ధం లేదు. రాజోలు చుట్టుపక్కల జీపు, లారీ, వ్యాను, ఏది మూలిగినా ముందు ఆ షెడ్డుకే వచ్చేది.

అతనికి ఒక్కటే పట్టింపు. తన దగ్గర బాగుపడి వెళ్లిన బండి అదే జబ్బుతో తిరిగి రాకూడదు. ఇరవై రెండేళ్లుగా ఒక్కటీ రాలేదు. పెళ్లాం అలిగి పుట్టింటికి వెళ్లినా అంత బాధపడేవాడు కాదేమో గానీ, బండి తిరిగొచ్చిందంటే మాత్రం తట్టుకోలేడు. అలాంటి మనిషికి రెండువేల ఒకటో సంవత్సరంలో గంగరాజు పికప్ వ్యాను రూపంలో శని పట్టుకుంది.

గంగరాజు అతనికి చిన్ననాటి స్నేహితుడు. సఖినేటిపల్లి దగ్గర ఉంటాడు. వాళ్ల దొడ్డమ్మ సత్యనారాయణమ్మ ఇంట్లో పేనిన కొబ్బరి పీచు తాళ్లను వ్యానుకెత్తి, రేవులో పంటు, అదే బండ్లని ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కించి, గోదావరి దాటించి నరసాపురంలో దింపి వస్తాడు. వ్యాను కొన్న మూడేళ్లూ ఏ బాధా లేదు. ఆ తర్వాత ఒకరోజు వెనకవైపు కీచుమనడం మొదలుపెట్టింది. అప్పారావు కిందకి దూరి చూసి, "బుష్షులు పోయినియ్యి, మార్చేద్దాం" అన్నాడు. మూడేళ్లు బరువు మోసిన రబ్బరు అరిగిపోవడం న్యాయమే కదా.

బండ్ల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. వెనక చక్రాల దగ్గర, రెండు పక్కలా, ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలుంటాయి. వాటిని కమాన్లంటారు. బండి మోసే బరువంతా వాటి మీదే. ఒక్కో కమానుకి రెండు చివర్లా గుండ్రటి కన్నాలు. ఆ కన్నంలో రబ్బరు బుష్షు, దాని నడుమ ఇనప గొట్టం, గొట్టంలోంచి బోల్టు. కమాను వంగి లేచినప్పుడల్లా ఆ కుదుపుని మింగేది ఈ గుప్పెడు రబ్బరే. రెండు కమాన్లకీ కలిపి నాలుగు బుష్షులు.

ఆ నాలుగూ మార్చాడు అప్పారావు. రెండు నెలలు తిరక్కుండానే కొత్తవి నాలుగూ చిరిగిపోయాయి.

వ్యాను గట్టు మీద ఆగగానే, ఆ కీచుమనే శబ్దం చెవిన పడగానే, అప్పారావు మొహం మాడిపోయింది. తిరిగొచ్చింది. అదే జబ్బుతో. అతను రోడ్డుని తిట్టాడు. గ్యాసు టాంకర్లు తిరిగి తిరిగి తాటిపాక రోడ్లన్నీ గోతులు పడ్డాయన్నాడు. మళ్లీ మార్చాడు. ఈసారి యాభై రోజులు.

"నువ్వు బండి తోలతన్నావా, ఎగరేస్తన్నావా?" అని గంగరాజు మీద పడ్డాడు.

"పురిటి మనిషిని తీసుకెళ్తన్నట్టు తోలతన్నాను మేస్త్రీ. కావాలంటే దొడ్డమ్మని అడుగు, పక్కనే కూచుంటది" అన్నాడు గంగరాజు పాపం.

మూడోసారి మార్చాడు. ఆరు వారాలు. ఇక రోడ్డునీ డ్రైవర్నీ తిట్టడం అయిపోయింది కాబట్టి తిట్టడానికి సరుకొక్కటే మిగిలింది. కంపెనీ నుంచి బండితో వచ్చిన బుష్షులు మూడేళ్లు ఉన్నాయి, బజార్లో కొన్నవి మూడు నెలలు కూడా ఉండటం లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పోయిన బుష్షులన్నిటినీ ఒక పాలపొడి డబ్బాలో వేసుకుని అమలాపురం బస్సెక్కాడు.

గడియారస్తంభం దగ్గర్లో రాజేంద్రప్రసాద్ స్పేర్‌పార్టుల షాపు. సన్నగా, పొడుగ్గా, గట్టిగా మాట్లాడితే ఎదుటివాడికి దెబ్బ తగులుతుందేమోనని భయపడే మనిషి ఆయన. పొద్దున్న పూట షాపు ముందు నలుగురైదుగురు మెకానిక్‌లు టీ తాగుతూ నిలబడి ఉంటారు. వాళ్లందరి ముందూ అప్పారావు డబ్బాని బల్ల మీద బోర్లించాడు.

"ఏంటండీ ఇది? రబ్బరా, బెల్లం పాకమా?"

"కంపెనీ సరుకేనండి అప్పారావుగారూ. బిల్లు చూపిస్తాను" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"బిల్లుకేవుందండీ, ఎవడైనా రాస్తాడు. డూప్లికేటు సరుకు అమ్మి మా పేర్లు చెడగొడతన్నారు. నా చేతిమీదుగా ఎల్లిన బండి ఇరవై రెండేళ్లలో తిరిగి రాలేదండి. మీ పుణ్యమా అని మూడుసార్లు వచ్చింది."

టీ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. రాజేంద్రప్రసాద్ మొహం ఎర్రబడింది గానీ నోరు జారలేదు. లోపలికి వెళ్లి, సీలు తియ్యని అట్టపెట్టె తెచ్చి, అందరి ముందే విప్పి నాలుగు బుష్షులు చేతిలో పెట్టాడు. అప్పారావు పాతవన్నీ మళ్లీ డబ్బాలోకి ఏరుకుని గెలిచినవాడిలా బస్సెక్కాడు. ఆ వారం నుంచి షాపు ముందు టీ తాగే మెకానిక్‌లలో ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. అప్పారావు మాటకి అంత విలువ ఉండేది మరి.

సీలు పెట్టెలోని ఆ బుష్షులు నలభై రోజులు కూడా లేవు.

ఈసారి కీచుమనడంతో సరిపెట్టుకోలేదు. సఖినేటిపల్లి రేవులో వ్యాను పంటు మీదకి దిగుతుండగా, రబ్బరు పూర్తిగా ఊడిపోయిన కమాను ఒక్క ఊపున పక్కకి జరిగింది. వెనక చక్రం ఒడ్డు నుంచి పంటుకి వేసిన బల్ల మీంచి జారి నీళ్ల వైపు వేలాడింది. క్యాబిన్‌లో గంగరాజు పక్కన సత్యనారాయణమ్మ కూర్చుని ఉంది. రేవులో ఉన్నవాళ్లు పదిమంది పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేది.

మర్నాడు వ్యానుని ఎలాగో షెడ్డుకి ఈడ్చుకొచ్చి గంగరాజు చెప్పాడు. అతని గొంతులో కోపం లేదు. అందుకే అప్పారావుకి మరీ భయం వేసింది.

"మేస్త్రీ, ఇదే ఆఖరిసారి. ఇంకోసారి అయితే మటుకు రాజమండ్రి తీసుకెళ్లిపోతాను. ఏవీ అనుకోకు."

అంటే, తన బండి ఇంకొకడి చేతిలో బాగుపడుతుంది. ఆ మాట రాజోలు నుంచి రావులపాలెం దాకా పాకుతుంది. అప్పారావు జాకీ తీసుకున్నాడు.

ఇక్కడ అతని పని పద్ధతి చెప్పాలి. అప్పారావుకి పని నేర్పినవాడు దానం మేస్త్రీ. లారీల మీద చెయ్యి తిరిగినవాడు. పోయి ఆరేళ్లయింది. ఆయన నియమం ఒకటుండేది. నేల మెత్తన కాబట్టి బండిని జాకీతో లేపి, చాసిస్ కింద కొబ్బరి దుంగలు పేర్చి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా పనంతా ముగించాలి. ఆఖర్న పానాకి పొడుగాటి గొట్టం తొడిగి ఒక్కో నట్టుకీ ఒక్కో పట్టు పట్టాలి. ఆ తర్వాతే బండిని దించాలి. దిగిన బండికి మళ్లీ పానా తగిలిందంటే, చేసినవాడికి తన పని మీద తనకే నమ్మకం లేనట్టు. డ్రైవర్లు ఆ నియమానికి తమ వంతు చేర్చుకున్నారు. బండి దిగేచోట చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. అవి నలిగాయంటే పని ముగిసినట్టే, మేస్త్రీ చేతులు కడుక్కోవాల్సిందే.

ఆ రోజు వ్యానులోని తాళ్ల కట్టలన్నీ దించి గట్టు మీద పేర్చారు. వాటిని ఒంటరిగా వదిలి వెళ్లడం ఇష్టం లేక సత్యనారాయణమ్మ కూడా వచ్చింది. అరవై ఐదేళ్లుంటాయి. ఖాళీ ఆయిలు డబ్బా మీద కూర్చుని, ఒడిలో పీచు పోసుకుని, రెండు అరచేతుల మధ్యా పేనుతూ ఉంది. ఎనిమిదేళ్ల వయసులో పట్టుకున్న పీచట. చూపు ఎక్కడున్నా చేతులు మాత్రం ఆగవు.

అప్పారావు చిరిగిన బుష్షులు ఊడదీసి నేల మీద పారేశాడు. ఒకటి దొర్లుకుంటూ ఆవిడ కాళ్ల దగ్గర ఆగింది. ఆవిడ పీచు పక్కన పెట్టి దాన్ని తీసుకుంది. బొటనవేలితో చుట్టూ తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇది అరిగి పోలేదు నాయనా. పురి ఎక్కి తెగింది" అంది.

చిరాకులో ఉన్నా అప్పారావుకి నవ్వొచ్చింది. "రబ్బరుకి పురేంటండీ దొడ్డమ్మగారూ? అదేవన్నా పీచా?"

"మెలిపెడితే ఏదైనా మెలితిరుగుద్ది కదా. అరిగిందనుకో, నున్నగా పోద్ది. లాగి తెంపేవనుకో, అడ్డంగా తెగుద్ది. ఇదిగో, ఏటవాలుగా చీరింది చూడు. పురి ఎక్కువైన తాడు ఇల్లాగే తెగుద్ది. పాతవి ఉన్నాయా నీ దగ్గర?"

అప్పారావు పాలపొడి డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పెద్దావిడ కదా, కాసేపు కాలక్షేపం అవుతుందిలే అనుకున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. ఒక్కొక్కటే డబ్బాలోంచి తీసి, బొటనవేలితో తడిమి, కుడివైపు పెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాన్ని తడిమి ఆగింది. దాన్ని ఎడంవైపు పెట్టింది. అలా డబ్బా ఖాళీ అయ్యేసరికి కుడివైపు పన్నెండు, ఎడంవైపు నాలుగు. ఇప్పుడే ఊడదీసిన నాలుగూ కూడా తడిమి కుడివైపే చేర్చింది.

"ఇయ్యన్నీ పురి ఎక్కి పోయినియ్యి. ఈ నాలుగూ మటుకు వయసైపోయి పోయినియ్యి. వీటికి ఎవరూ మెలిపెట్టలేదు" అంది కళ్లు తెరిచి.

అప్పారావు వంగి ఎడంవైపు నాలుగింటినీ చూశాడు. మురికి గుడ్డతో తుడిచాడు. ప్రతిదాని ఇనప గొట్టం మీదా వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు చుక్క కనిపించింది. ఆ చుక్క కంపెనీలో పెట్టేది. బండితో వచ్చి మూడేళ్లు మోసిన బుష్షులు అవే. అవి ఆ డబ్బాలోనే కలిసి ఉన్నాయని అతనికే గుర్తు లేదు.

ఇరవైలో నాలుగు, అదీ కళ్లు మూసుకుని. బండి కింద ఏముంటుందో జన్మలో చూడని మనిషి.

"మరి కంపెనీవాళ్లు బిగించినప్పుడు లేని పురి నువ్వు బిగిస్తే ఎందుకొస్తంది నాయనా? నువ్వేం చేస్తన్నావు?"

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది. కానీ ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న అప్పారావుని ఎవరూ అడగలేదు.

"నా చేతినే అంటన్నారా దొడ్డమ్మగారూ?"

"ఆవిడ అనడం లేదు మేస్త్రీ, అడుగుతంది" అన్నాడు గంగరాజు మెల్లగా.

సత్యనారాయణమ్మ తన పక్కనున్న తాడు కొస చేతిలోకి తీసుకుంది. "మా పని చెబుతాను, ఇను. తాడు పేనడం అయిపోగానే కొస ముడెయ్యం. ముందు దూలానికి కట్టి, కిందో రాయి వేలాడదీస్తాం. బరువు పడేసరికి తాడు దానంతటదే తిరుగుద్ది. ఎంత తిరగాలో అంతా తిరిగి ఆగుద్ది. అప్పుడు ముడేస్తాం. బరువు పడకముందే ముడేసేవనుకో, ఆ తిరుగుడంతా లోపలే ఉండిపోద్ది. పైకి బాగానే ఉంటది. రెండు నెల్లకి తెగుద్ది. నువ్వు బండి గాల్లో ఉండగా బిగిస్తావు కదా, మరి బరువు దిగినప్పుడు అక్కడేవన్నా తిరుగుద్దా?"

"ఏవీ తిరగదండి. బోల్టు బిగిసిపోయి ఉంటది..." అంటూ అప్పారావు ఆగిపోయాడు.

బోల్టు తిరగదు. బోల్టు పట్టుకున్న ఇనప గొట్టమూ తిరగదు. కానీ కమాను? గాల్లో వేలాడేటప్పుడు విల్లులా వంగి ఉంటుంది. బరువు పడగానే చదునవుతుంది. చదునైతే దాని చివర కన్నం...

మాట పూర్తి చెయ్యకుండా లేచాడు. కొత్త బుష్షులు నాలుగూ ఎక్కించి, ఎప్పటిలాగే గాల్లోనే బిగించాడు. గొట్టం తొడిగి పట్టు కూడా పట్టాడు. తర్వాత సుద్దముక్క తీసుకుని, బోల్టు తల మీంచి కమాను కన్నం అంచు దాకా ఒక తిన్నని గీత గీశాడు. నాలుగుచోట్లా గీశాడు. దుంగలు తీసి, జాకీ మీద బండిని నెమ్మదిగా దించుతూ పక్కనే నేలమీద చెంప ఆనించి పడుకున్నాడు. గంగరాజు అలవాటు కొద్దీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశాడు.

చక్రం నేలకి తగిలింది. నిమ్మకాయ నలిగింది. గీత విరిగింది.

ముందు వెంట్రుకవాసి. తర్వాత గోరంత. బోల్టు మీది గీత ఉన్నచోటే ఉంది. కన్నం మీది గీత దాన్ని వదిలేసి పక్కకి నడుస్తోంది. "కట్టలెయ్యి, తాళ్ల కట్టలన్నీ ఎయ్యి!" అని అరిచాడు. గంగరాజు ఒక్కో కట్టా పైకి విసురుతుంటే ఒక్కో కట్టకీ గీత ఇంకాస్త దూరం జరిగింది. ఆఖరి కట్ట పడేసరికి రెండు గీతల మధ్యా అరంగుళం. ఆ అరంగుళమంతా ఆ గుప్పెడు రబ్బరు కడుపులో మెలిపడి ఉంది. బండి ఇంకా గజం కూడా కదల్లేదు. నిలబడి ఉండగానే రబ్బరుని పిండేస్తోంది.

సిగ్గుపడాల్సిన సమయమే గానీ అప్పారావుకి ముందు సిగ్గు రాలేదు. అబ్బురం ముంచుకొచ్చింది. ఇన్ని వేలసార్లు బండ్లు దించాడు. ప్రతిసారీ ఇది తన కళ్ల ముందే జరిగింది. ఒక్కసారీ చూడలేదు. ఇంత బరువు కిందకి దిగేటప్పుడు, ఇంత చిన్న చోట, ఇంత నిశ్శబ్దంగా, ఎవరూ చూడకుండా ఎంత పని జరుగుతోంది! ఊరికే ఆగి ఉన్న బండిలో అంత కదలిక ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

ఎంతసేపు అలా పడుకున్నాడో, గంగరాజు వంగి, "మేస్త్రీ, బానే ఉన్నావా?" అని అడిగాడు.

"ఆయ్" అన్నాడు గానీ లేవలేదు. "పానా ఇలా ఇయ్యి."

"నిమ్మకాయలు నలిగిపోయినియ్యి కదా. ఇప్పుడు పానా..."

అప్పారావు చెయ్యి గాల్లో ఆగింది. దానం మేస్త్రీ మాట చెవిలో ఉంది. "దిగిన బండికి పానా తగలకూడదని మా గురువుగారు చెప్పేరు" అన్నాడు. తన పేరు మొత్తం ఆ నియమం మీదే నిలబడింది.

"మీ గురువుగారు ఈ రబ్బరు బుష్షులు చూసేరా నాయనా?" అని అడిగింది సత్యనారాయణమ్మ.

"లేదండి. ఆయనయ్యన్నీ లారీలు. ఇత్తడి బుష్షులు, గ్రీజు పెట్టేవోరు. అక్కడ పిన్ను చుట్టూ కమాను దాని మానాన అది తిరుగుద్ది. ఎక్కడ బిగించినా ఒకటే." చెబుతుంటేనే అతనికి అర్థమైంది. దానం తప్పు చెప్పలేదు. ఇత్తడికి చెప్పాడు. రబ్బరు వచ్చినప్పుడు మళ్లీ చూసుకోవాల్సింది తను. గురువు మీదకి కూడా నెట్టడానికి లేదు.

పానా వేసి నట్టు వదులు చేశాడు. టక్కుమంది. ఇనప గొట్టం అరంగుళం వెనక్కి తిరిగి, మెలి విడిచి, కుదురుకుంది. నాలుగుచోట్లా నాలుగుసార్లు ఆ చప్పుడు విన్నాడు. గట్టు మీదున్న సత్యనారాయణమ్మ కూడా వింది. "ఆఁ, పురి దిగింది" అంది. అప్పుడు, బండి తన కాళ్ల మీద నిలబడి, తన బరువు తను మోస్తుండగా, అప్పారావు నాలుగు నట్లూ బిగించాడు. లేచి వచ్చి, చేతుల మురికి కూడా చూసుకోకుండా ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"అదేంటి నాయనా, నాకేం తెలుసని" అని ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది. చేతులు అప్పటికే మళ్లీ పీచు పేనుతున్నాయి.

రెండు నెలలు గడిచాయి. నాలుగు నెలలు గడిచాయి. వారానికోసారి అప్పారావు సైకిలేసుకుని సఖినేటిపల్లి వెళ్లి, గంగరాజు కంటే ముందు వ్యాను కిందకే దూరి చూసేవాడు. రబ్బరు ఎక్కించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆరో నెలలో ఒక రోజు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని అమలాపురం బస్సెక్కాడు.

షాపు ముందు టీ తాగేవాళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆగలేదు.

"రాజేంద్రప్రసాద్‌గారూ, మీ సరుకులో ఏ తప్పూ లేదండి. తప్పు నాది. నేనే గాల్లో బిగించి పాడుచేసేను. నలుగురిలో మిమ్మల్ని అన్నాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నాను. క్షమించండి."

ఎలా జరిగిందో మొత్తం చెప్పాడు. సుద్దగీత గురించి, కళ్లు మూసుకుని ఏరిన నాలుగు బుష్షుల గురించి, తాడుకి వేలాడదీసే రాయి గురించి. రాజేంద్రప్రసాద్ చివరిదాకా విన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీరు ఇంత దూరం వచ్చి చెప్పేరు, నాకు చాలండి. కానీ ఒక్క మాట. మీరు బాధపడతారేమో."

"చెప్పండి."

"మీ బండ్లు తిరిగి రాలేదని మీరనుకుంటున్నారు. వచ్చాయండి. మీ దగ్గరికి రాలేదు, అంతే. మీరు బుష్షులు వేసిన బండ్లవాళ్లు రెండు మూడు నెలలకి నా దగ్గరే మళ్లీ కొనుక్కెళ్లేవోరు. అప్పారావుగారు ఏవనుకుంటారో, అంత మంచి మేస్త్రీ మనసు కష్టపెట్టడం ఎందుకని, ఇంకోచోట వేయించుకునేవోరు. ఒక్క గంగరాజుగారే మొహమాటం లేకుండా మీ దగ్గరికి వచ్చేరు, స్నేహితుడు కాబట్టి."

అప్పారావు లెక్క వేసుకున్నాడు. ఇరవై రెండేళ్లు. పాత లారీల సంగతి సరే, ఈ రబ్బరు బుష్షుల బండ్లు వచ్చిన నాలుగైదేళ్లలో తను బిగించినవి ముప్ఫైకి తక్కువ ఉండవు. కోనసీమ అంతా తిరుగుతూ, తన మీద గౌరవం కొద్దీ తనకి తెలియకుండా కీచుమంటున్నాయి. మోసం చేశారని కోప్పడటానికి కూడా లేదు. మనవాళ్ల మర్యాద అలాంటిది. ఎదుటివాడి మనసు నొప్పించకుండా ఉండటానికి తమ బండి విరిగినా ఊరుకుంటారు.

"నాకు చెప్పేరు, బానే ఉంది. వాళ్లకి చెప్పేరా?" అని అడిగాడు రాజేంద్రప్రసాద్.

మర్నాడు పొద్దున్నే అప్పారావు పానాల సంచి భుజాన వేసుకుని సఖినేటిపల్లి రేవుకి వెళ్లాడు. వాళ్లందరినీ ఇళ్లకి వెళ్లి వెతకడం ఎలాగూ కుదరదు. కానీ నరసాపురం వెళ్లే బండ్లన్నీ ఈ రేవులోనే వరసలో ఆగుతాయి. పైగా నిండు లోడుతో ఆగుతాయి. బిగించాల్సింది అలాగే.

పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. వరసలో మొదటిది అంజిబాబు వ్యాను, నిండా అరటి గెలలు. అప్పారావుని చూడగానే అంజిబాబు బీడీ పారేసి దిగాడు.

"అంజిబాబూ, కిందటేడు నీ బండికి బుష్షులు వేసేను. మళ్లీ మార్పించేవా?"

"అబ్బే, ఏం లేదండి మేస్త్రీగారూ. బ్రహ్మాండంగా ఉందండి."

"నిజం చెప్పు."

అంజిబాబు నేల చూపులు చూశాడు. "రెండుసార్లండి, ఇంకోచోట. అక్కడా మీ పద్ధతే, బండి లేపే బిగించేరు. మీకు చెబితే ఏవనుకుంటారో అని..."

అప్పారావు గట్టిగా, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు. "తప్పు నాదే. గాల్లో బిగించేను. నా చేత బుష్షులు వేయించుకున్నవాళ్లంతా చెప్పండి, ఇక్కడే సరిచేస్తాను. డబ్బులు అక్కర్లేదు." ఎవరో నవ్వారు. ఇంకెవరో, "అప్పారావు మేస్త్రీయేనా ఈ మాటంటంది?" అన్నారు. అతను వినపడనట్టు ఇసకలో గోనెపట్టా పరిచి అంజిబాబు వ్యాను కిందకి దూరాడు. పైన అరటి గెలల బరువంతా ఉంది. నట్టు వదిలాడు. టక్కుమంది. ఆ చప్పుడు విని అంజిబాబు ఉలిక్కిపడి, "అదేంటండీ?" అన్నాడు. "ఇన్నాళ్లూ నీ బండి మోసిన నా తప్పు" అన్నాడు కిందనుంచి అప్పారావు.

తర్వాత ఇంకో వ్యాను. తర్వాత కొబ్బరికాయల జీపు. పంటు వచ్చింది, కొన్ని బండ్లని తీసుకుని వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పంటు వచ్చినా ఎక్కకుండా రెండు బండ్లు పక్కన ఆగి ఉన్నాయి, తమ వంతు కోసం. అప్పారావు వీపంతా ఇసక, మొహమంతా గ్రీజు. తన పేరు ఈ ఇసకలో కలిసిపోయిందనే అనుకున్నాడు. పోతే పోయింది. కనీసం బండ్లయినా కుదురుకుంటున్నాయి.

వరస చివర ఒక వ్యాను ఉంది. ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. తోలేవాడు నరసాపురం అవతలి మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఇందాకట్నుంచీ దూరంగా నిలబడి అంతా చూస్తున్నాడు. అప్పారావు సంచి సర్దుకుంటుంటే దగ్గరికి వచ్చాడు.

"నా బండి కూడా ఒకసారి చూస్తారా మేస్త్రీగారూ?"

"మీ బండి నేను బిగించలేదండి" అన్నాడు అప్పారావు.

"తెలుసండి. బిగించినాయన ఇలా వచ్చి చెప్పలేదు కదండీ."

అప్పారావు ఆయన మొహంలోకి చూశాడు. కళ్లు తుడుచుకుందామని చేతులెత్తాడు గానీ రెండు చేతులకీ గ్రీజే. గోనెపట్టా దులిపి, మళ్లీ పరిచి, బండి కిందకి దూరాడు.